రెండో బ్రేకు

ఆబాన్ నెల 1, సోమవారం

ఈ నోటుబుక్కుని రెండు వైపుల నుంచీ రాస్తాను. ముందు వైపు డాక్టరుకి: పొద్దున, సాయంత్రం రక్తపోటు ఎంత, ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగాను, ఏం తిన్నాను. అన్నీ రాసి తెమ్మంది. వెనక వైపు నాకు. ఇటు ఎవరూ చూడరు కాబట్టి దస్తూరీ ఎలా ఉన్నా ఫర్వాలేదు.

సంగతి ఇదీ. పిత్తాశయంలో రాయి ఉందేమో చూపించుకుందామని వెళ్తే, రాయి లేదు గానీ ఎడమ మూత్రపిండం మీద చిన్న గడ్డ ఉందన్నారు. పెద్ద ద్రాక్షపండంత. మా ఆయన హెష్మత్ "ఏ రకం ద్రాక్ష?" అని అడిగాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆ మనిషికి ప్రతిదానికీ రకం కావాలి.

డాక్టరు పేరు మహ్‌నూష్. గదిలోకి వెళ్ళగానే లేచి నిలబడి "ఉస్తాద్, మీరా?" అంది. పన్నెండేళ్ళ కింద నా కారులోనే డ్రైవింగ్ నేర్చుకుంది. ఇస్ఫహాన్‌లో సగం మంది ఆడవాళ్ళకి నేనే నేర్పానని నేను చెప్పుకుంటే ఎవరూ నమ్మరు, కానీ ఎక్కడికి వెళ్ళినా ఒకరు తగులుతారు. ఈ పిల్ల నాకు బాగా గుర్తుంది. అద్దం చూడకుండానే చూశానని అబద్ధం చెప్పింది. చౌరస్తా చుట్టూ ఏడుసార్లు తిప్పించాను. ఏడో చుట్టులో ఏడ్చింది. ఎనిమిదో చుట్టు అక్కర్లేకపోయింది.

ఇప్పుడు నా మూత్రపిండం ఆ పిల్ల తెర మీద ఉంది. చెప్పాల్సింది తిన్నగా చెప్పింది. ముందు అన్ని పరీక్షలూ చెయ్యాలి. రెండు మూత్రపిండాలూ బాగా పనిచేస్తున్నాయని తేలితే ఒక సూది గుచ్చి గడ్డ వరకే కాల్చేస్తుంది. మూత్రపిండం నాకే ఉంటుంది, కొద్దిరోజుల్లో కారెక్కొచ్చు. పని సరిగా లేదని తేలితే రంగు మందు ఎక్కించే స్కానింగే కుదరకపోవచ్చు, దారే మార్చాల్సి రావచ్చు. రక్తపరీక్షకి ముందు రెండు రోజులు మాంసం ముట్టొద్దంది. నీళ్ళు బాగా తాగమంది.

నాకు భయం లేదు. పాతికేళ్ళుగా బ్రేకుకీ క్లచ్‌కీ తేడా తెలియనివాళ్ళ పక్కన కూర్చుంటున్నాను.

ఆబాన్ 2, మంగళవారం

రక్తపోటు 130 మీద 80. భయం లేదు.

ఆబాన్ 3, బుధవారం

ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే అయ్యాయి. ఈసీజీ గది తలుపు దగ్గర నేనూ, ఇంకొకావిడా. "ముందు మీరు" అన్నాను. "అయ్యో, మీరు వెళ్ళకుండా నేనెలా వెళ్తాను" అంది. నేను పెద్దదాన్ని కదా, తగ్గుతానా, మళ్ళీ ఆమెనే వెళ్ళమన్నాను. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది, నేను రెండు వేశాను. ఇలా మేమిద్దరం మర్యాదలు చేసుకుంటూ గోడ దాకా జరిగేసరికి ఎక్కడినుంచో వచ్చిన పెద్దమనిషి తిన్నగా లోపలికి వెళ్ళి పడుకున్నాడు. మేమిద్దరం బయట నవ్వుకుంటూ ఇరవై నిమిషాలు కూర్చున్నాం. నా గుండె బాగుందట. ఆమెది ఏమైందో అడగలేదు, అడగాల్సింది.

మధ్యాహ్నం మోనవ్వర్ ఖానుమ్‌కి పాఠం. అరవై రెండేళ్ళ దర్జీ. నెలన్నర నుంచీ నేర్చుకుంటోంది, రెండో గేరు దాటదు. మూడో గేరు వేయమంటే "తొందరేముంది, ఖానుమ్?" అంటుంది. నా వైపు ఉన్న రెండో బ్రేకు మీద ఇవాళ పదకొండుసార్లు కాలేశాను. ఆ బ్రేకు లేకపోతే నేనెప్పుడో పోయుండేదాన్ని, మూత్రపిండం దాకా వచ్చేదే కాదు.

ముందు వైపు నీళ్ళు ఎనిమిది గ్లాసులని రాశాను. నిజానికి మూడు. రోజంతా రోడ్డు మీద ఉండే ఆడదానికి మరుగుదొడ్డి ఎక్కడుంటుంది? ఈ పనిలో ఉన్నవాళ్ళం ఎవ్వరం నీళ్ళు తాగం. డాక్టరుకి ఇది చెబితే బాధపడుతుందని రాయలేదు.

ఆబాన్ 4, గురువారం

ఇఫ్ఫత్ వదినకి తెలిసిపోయింది. హెష్మత్ వాళ్ళ అక్క. డెబ్బై ఏళ్ళు, పాదరసం. ఎవరు చెప్పారని అడిగితే హెష్మత్ గోడ మీది గడియారానికి కీ ఇవ్వడం మొదలుపెట్టాడు. అది బ్యాటరీ గడియారం.

ఫోన్‌లో వదిన ఏడవలేదు, నన్ను ఏడవనివ్వలేదు. రేపు నా పేరు మీద గొర్రెని కుర్బానీ ఇస్తుందట. వీధి మొత్తానికి మాంసం పంచుతుందట. మమ్మల్ని సాయంత్రానికి రమ్మంది. నాకు మాంసం వద్దన్నారు వదినా, ఎల్లుండి పరీక్ష, అని మూడుసార్లు చెప్పాను. "నిన్ను తినమని ఎవరన్నారే, వచ్చి కూర్చో చాలు" అంది. ఆ మాట నమ్మినట్టు ఇక్కడ రాసుకుంటున్నాను.

ఆబాన్ 5, శుక్రవారం

ల్యాబువాళ్ళు ఒక పెద్ద డబ్బా ఇచ్చారు. ఇవాళ పొద్దున్నుంచి రేపు పొద్దుటిదాకా వచ్చిన మూత్రమంతా అందులోనే పట్టి తీసుకెళ్ళాలి. అంటే విందుకి నేనూ, హెష్మత్, డబ్బా. దాన్ని గుడ్డసంచిలో పెట్టుకుని వెళ్ళాను. వదిన సంచి అందుకుని "మజ్జిగ తెచ్చావా, ఎందుకమ్మా శ్రమ" అని ఫ్రిజ్‌లో పెట్టేసింది. అప్పటికి అందులో పెద్దగా ఏమీ లేదు. ల్యాబులో చెప్పింది కూడా చల్లగా ఉంచమనే కాబట్టి నేనేమీ అనలేదు. ఆ ఇంట్లో మళ్ళీ మళ్ళీ ఫ్రిజ్ తెరిచి, సంచి తీసుకుని మరుగుదొడ్లోకి వెళ్ళడం సిగ్గనిపించి నీళ్ళు కూడా తాగలేదు.

వదిన పెరట్లో బొగ్గుల మీద గొర్రె కార్జం, గుండె, మూత్రపిండాలు కాల్చింది. మూత్రపిండానికి మూత్రపిండమే బలమని ఆమె నమ్మకం. తోకకొవ్వు ముక్కలు మధ్యలో గుచ్చి, ఉప్పు చల్లి, పలచటి రొట్టెలో చుట్టి నా నోటి ముందు పట్టుకుంది. "నీ పేరు మీద ఇచ్చిన దాంట్లో నువ్వే ముద్ద ముట్టకపోతే నా మొక్కు ఏం కావాలి?" అంది. కళ్ళలో నీళ్ళు. పొగ వల్ల కావచ్చు.

ఆమె మాట తీసెయ్యలేక ఒక ముక్క తిన్నాను. ఒక్కటే.

ఆబాన్ 6, శనివారం

ఏడింటికి రక్తం ఇచ్చాను. పరగడుపున రమ్మంటే, రంజాన్ అలవాటు కొద్దీ నీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళాను. నీళ్ళు తాగొచ్చమ్మా, తాగాలి కూడా, అంది రక్తం తీసే అమ్మాయి. డబ్బా చూసి "ఇంతేనా?" అంది. పావు వంతు కూడా నిండలేదు. ఇంతే, అన్నాను, దోసకాయలు తక్కువ తూచినవాడిలా.

డాక్టర్ మహ్‌నూష్ కారిడార్లో కనబడింది. "మాంసం ఏమీ తినలేదుగా, ఉస్తాద్?" అని అడిగింది.

లేదన్నాను.

రెండు ముక్కలకే ఏమైపోతుంది?

ఆబాన్ 7, ఆదివారం

మోనవ్వర్ ఖానుమ్ మూడో గేరు వేసింది. పొరపాటున. ఇద్దరం సంతోషించాం.

ఆబాన్ 8, సోమవారం

ఫలితాలు వచ్చాయి. క్రియాటినిన్ అనే అంకె ఒకటి ఉంటుందట. నా వయసుకి ఒకటి లోపు ఉండాలి. నాది ఒకటిన్నర.

మహ్‌నూష్ ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. ఒక మూత్రపిండం మీద గడ్డ ఉన్నా రెండోది బాగుంటే ఇంత రాకూడదంది. అంటే రెండోదీ సరిగా పనిచేయడం లేదేమోనని అనుమానం. రంగు మందు స్కానింగ్ ఆపేసింది. సూది తేదీ కూడా ఆపేసింది. ఇంకో పెద్ద డాక్టరుతో మాట్లాడి శనివారం చెబుతానంది. నా నోటుబుక్కు ముందు వైపు తిప్పి చూసింది. రోజుకి ఎనిమిది గ్లాసుల నీళ్ళు, మాంసం లేదు, ఉప్పు తక్కువ. "మీరు అన్నీ బాగానే చేస్తున్నారు, ఉస్తాద్" అంది. అలా అన్నప్పుడు ఆ పిల్ల మొహం చూడలేకపోయాను.

ఇంటికి వచ్చేటప్పుడు రెండుసార్లు దారి తప్పాను. ఈ ఊళ్ళో నేను దారి తప్పడం.

ఆబాన్ 9, మంగళవారం

రక్తపోటు 150 మీద 90. ముందు వైపు 130 అని రాశాను.

ఆబాన్ 10, బుధవారం

హెష్మత్ పొద్దున లేచి నాకు టీ పెట్టి ఇచ్చాడు. ముప్ఫై ఏళ్ళలో ఇది రెండోసారి. మొదటిసారి వాళ్ళమ్మ పోయిన రోజు. ఆ టీ చూడగానే నాకు అసలు విషయం అర్థమైంది. తన మూత్రపిండం ఒకటి నాకు ఇస్తానన్నాడు. ఏ రకం, అని అడిగాను. నవ్వబోయి ఆగిపోయి వంటింట్లోకి వెళ్ళాడు. చక్కెర వెయ్యడం మరిచిపోయాడు. నేను చెప్పలేదు, తాగేశాను.

భయం లేదని ఇన్నిసార్లు రాశాను కదా. ఉంది. ఎత్తు మీద బండికి బ్రేకు పట్టనప్పుడు వేసేలాంటి భయం. రెండు మూత్రపిండాలూ పోతే వారానికి మూడు రోజులు ఆ డయాలసిస్ యంత్రం పక్కన పడుకోవాలి. నేనెవరికీ ఏమీ నేర్పలేను. కారు అమ్మేస్తాం. నా పక్కన ఎవరూ కూర్చోరు.

వదిన రోజూ ఫోన్ చేస్తోంది. బలం వచ్చిందా, అని. తిన్న ఊచలు చాలవు, ఇంకో నాలుగు తినుంటే తెలిసేది, అంది.

అవును, ఊచలు. రెండు. ముక్కలు కాదు.

ఆబాన్ 11, గురువారం

ఇవాళ పాఠంలో మోనవ్వర్ ఖానుమ్ ఎడమకి తిరిగింది. వెనకనుంచి మోటారుసైకిల్ వస్తోంది. నేను రెండో బ్రేకు వేయకపోతే వాడు మా కిటికీలోంచి లోపలికి వచ్చేవాడే. బండి పక్కకి ఆపించాను. అద్దం చూశారా, అని అడిగాను. చూశానంది. నేను ఆవిడ కళ్ళే చూస్తున్నాను, చూడలేదు.

ఏళ్ళ తరబడి అందరికీ చెప్పిన మాటే ఆవిడకీ చెప్పాను. "మోనవ్వర్ ఖానుమ్, అద్దం చూడకపోవడం తప్పు కాదు, అందరూ మర్చిపోతారు. చూడకుండా చూశానన్నారే, అదీ తప్పు. మీరు చూడలేదంటే నేను చూస్తాను. చూశానంటే నేను చూడను. అప్పుడు ఆ బండిలో చూసేవాళ్ళే ఉండరు."

ఆవిడ తల దించుకుని "నిజమే, ఖానుమ్, చూడలేదు. సిగ్గేసి చెప్పలేదు. ఈ వయసులో ఇంకా రావట్లేదంటే మీరేమనుకుంటారో అని" అంది.

నేను నా వైపు అద్దంలోకి చూశాను. ఆవిడ తననే తిడతానని అనుకుని స్టీరింగ్ పట్టుకుని కూర్చుంది. వెళ్దాం పదండి, అన్నాను. దారిలో ఆవిడ ప్రతి పది అడుగులకీ అద్దం చూసింది, ముందు రోడ్డు చూడ్డం మానేసి.

ఆబాన్ 12, శుక్రవారం

ఎగువన ఆనకట్ట నుంచి నీళ్ళు వదిలారట. ఎండిపోయిన జాయందే నదిలోకి నీళ్ళు వస్తున్నాయి, రెండు మూడు రోజుల్లో ఖాజూ వంతెన దాకా చేరతాయి. ఊరంతా అదే మాట. హెష్మత్ వెళ్దామన్నాడు. ముందు శనివారం గడవనీ, అన్నాను.

ఇప్పుడు ఇక్కడ నిజం రాస్తాను, లేకపోతే రేపు నోరు పెగలదు. గత శుక్రవారం వదిన ఇంట్లో నేను ఏడు ఊచలు తిన్నాను. కార్జం రెండు, గుండె ఒకటి, మూత్రపిండాలు నాలుగు. గొర్రెకి ఉన్నవి రెండే, కానీ వదిన పొద్దున్నే కసాయి దగ్గరికి వెళ్ళి ఇంకో మూడు జతలు తెచ్చింది. మొత్తం ఎనిమిది, ఊచకి రెండు చొప్పున. హెష్మత్‌కి ఒక్కటి కూడా ఇవ్వలేదు, నీకేం రోగం, అంది. తిన్నాను. వదిన కోసమని కాదు. చాలా రుచిగా ఉన్నాయి. వేళ్ళు నాక్కున్నాను. ఆఖరి ఊచ నేనే అడిగి వేయించుకున్నాను.

ఆబాన్ 13, శనివారం

ఆస్పత్రిలో మహ్‌నూష్ నా కోసం ఇద్దరు డాక్టర్లతో మాట్లాడి కాగితాలు పరిచి కూర్చుంది. ఏదో చెప్పబోయింది. ఆగమ్మా, ముందు నేను, అన్నాను. ఈసారి మర్యాద చేయలేదు.

నోటుబుక్కుని వెనక్కి తిప్పి చదివాను. మొదటిరోజు నుంచి. నాకు భయం లేదు అన్నవి కూడా చదివాను. మూడు గ్లాసులు, ఎనిమిది గ్లాసులు. ఒక ముక్క, రెండు ముక్కలు, రెండు ఊచలు, ఏడు ఊచలు. ఇది రాసుకున్నది ఎవరికీ చూపించడానికి కాదు. చదువుతుంటే నా చెవులకే ఇంకెవరో చదువుతున్నట్టుంది.

మహ్‌నూష్ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. "ఎనిమిది మూత్రపిండాలు" అంది.

"వదినకి కసాయి బాగా తెలుసు" అన్నాను.

ఇక ఆపుకోలేకపోయింది. నవ్వింది, నేనూ నవ్వాను, బయట నర్సు తలుపు తీసి చూసి మళ్ళీ వేసేసింది. నవ్వడం అయ్యాక కళ్ళు తుడుచుకుని నెమ్మదిగా చెప్పింది. కాల్చిన మాంసం అంత తిని, నీళ్ళు తాగకుండా వస్తే ఆ అంకె పెరిగి కనిపించవచ్చట. అయితే మొత్తం దానివల్లే అని ఇప్పుడే అనలేనంది. మళ్ళీ పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. "ఉస్తాద్, పెద్ద డాక్టరుగారూ నేనూ ఐదు రోజులుగా మీ రెండో మూత్రపిండం గురించి నిద్ర లేకుండా ఉన్నాం. మీరు చెప్పింది నమ్మి" అంది. అది మాత్రం నవ్వుతూ అనలేదు. నేను పాఠంలో ఎవరిని తిట్టినా అంత గట్టిగా తగిలి ఉండదు. క్షమించమ్మా, అన్నాను.

కొత్త చీటీ రాసి ఇచ్చింది. రక్తం, మూత్రం, డబ్బా, రక్తపోటు, అన్నీ మొదటినుంచి. ఇవన్నీ మళ్ళీనా, అని అడిగాను.

"మీరు నన్ను ఏడుసార్లు తిప్పారు. నేను రెండోసారే అడుగుతున్నాను."

ఆబాన్ 14, ఆదివారం

ఇవాళ్టి పాఠాలన్నీ మానేశాను. నీళ్ళు పది గ్లాసులు. నిజంగా పది. ముందు వైపూ పదే, వెనక వైపూ పదే.

మాంసం లేదు. ఇఫ్ఫత్ వదినకి జరిగింది చెప్పాను. "అంటే నా వల్లే" అంది. లేదు వదినా, ఆఖరి ఊచ నేనే అడిగాను కదా, అన్నాను. "అది నిజం" అని వెంటనే ఒప్పేసుకుంది. సాయంత్రం పుచ్చకాయ పంపింది, ఇందులో నీళ్ళే ఉంటాయి, మీ డాక్టర్నే అడుగు, అని చీటీ పెట్టి.

ఆబాన్ 15, సోమవారం

డబ్బా సగానికి పైగా నిండింది. రెండు చేతులా మోసుకెళ్ళాను. రక్తం తీసే అమ్మాయి చూసి మెచ్చుకుంది. ఈ వయసులో ఇలాంటి వాటికి మెచ్చుకోళ్ళు.

రక్తపోటు 140 మీద 90. రాశాను, ఉన్నది ఉన్నట్టు.

ఆబాన్ 16, మంగళవారం

సాయంత్రం ఖాజూ వంతెనకి వెళ్ళాం. ఊరు ఊరంతా అక్కడే ఉంది. నీళ్ళు ఇంకా చీలమండల లోతే, బురద రంగు, ముందర ఎండుటాకులూ ప్లాస్టిక్ సీసాలూ తోసుకుంటూ వస్తున్నాయి. అయినా జనం పెళ్ళికొడుకు వచ్చినట్టు చూస్తున్నారు. వంతెన కింద ముసలివాళ్ళు పాడుతున్నారు. ఇఫ్ఫత్ వదిన మెట్ల మీద కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ, చెప్పులు విప్పి కాళ్ళు నీళ్ళలో పెట్టింది.

ఫోన్ మోగింది. మహ్‌నూష్. జనం గోలలో వినపడక చెవికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. హెష్మత్ నా మొహాన్నే చూస్తున్నాడు. నేను విన్నది రెండుసార్లు చెప్పించుకున్నాను.

సున్నా పాయింట్ తొమ్మిది. రెండు మూత్రపిండాలూ బాగానే పనిచేస్తున్నాయి. స్కానింగ్ ఎల్లుండి. సూది శనివారం.

హెష్మత్‌కి చెప్పాను. కూర్చోవడానికి మెట్టు ఉందో లేదో చూడకుండా కూర్చున్నాడు. ప్యాంటు తడిసింది. అలాగే కూర్చుని ఏడ్చాడు, నేనూ ఏడ్చాను. ఏమైందని వదిన కంగారుపడింది. బాగుందని చెప్పగానే గుప్పెడు గింజలు నా చేతిలో పోసి, "చూశావా, బలం పట్టడానికి పది రోజులు పట్టింది" అంది. గింజలు నోట్లో వేసుకున్నాను. రేపట్నుంచి వీధంతా అదే చెబుతుంది, చెప్పనీ.

ఆబాన్ 18, గురువారం

స్కానింగ్ అయింది. రంగు మందు ఎక్కేటప్పుడు ఒళ్ళంతా వేడెక్కింది. గడ్డ ఉన్నచోటే ఉంది, ఇంకెక్కడా ఏమీ లేదు.

మోనవ్వర్ ఖానుమ్‌కి చెప్పాను, రెండు వారాలు పాఠం ఉండదని. ఈలోపు ఇంట్లో కుట్టుమిషన్ ముందు కూర్చుని అద్దం చూడడం సాధన చేస్తానంది.

ఆబాన్ 20, శనివారం

పొద్దున ఆరున్నర. ఆస్పత్రి మంచం మీద రాస్తున్నాను. హెష్మత్ కారు నడిపి తీసుకొచ్చాడు, నేను పక్క సీటు. ఈ కారు తనది, నా వైపు బ్రేకు లేదు. అయినా ప్రతి మలుపులో నా కుడికాలు నేలని తొక్కుతూనే ఉంది. హెష్మత్ చూసి "ఏం లేదక్కడ" అన్నాడు. తెలుసు, అన్నాను.

మహ్‌నూష్ ఆకుపచ్చ బట్టల్లో వచ్చి, నిన్న రాత్రి ఏం తిన్నారు, అని అడిగింది. సూపు, అన్నాను. నిజమే కదా, అంది. నిజమే. నీళ్ళు? పొద్దున్నుంచీ లేవు, ఇవాళ నువ్వే వద్దన్నావు. భయమేస్తోందా, అని అడిగింది. వేస్తోంది, అన్నాను. తల ఊపి, నా భుజం మీద చెయ్యి వేసి ఒక్క క్షణం ఉంచి వెళ్ళింది. తలుపు దాటేముందు ఎడమవైపు, కుడివైపు చూసి, పక్కనుంచి వస్తున్న చక్రాల మంచాన్ని పోనిచ్చి, అప్పుడు అడుగు వేసింది.

ఇంకాసేపట్లో నన్ను పిలుస్తారు. ఆ బల్ల మీద నా కాలి కింద బ్రేకు ఉండదు. ఫర్వాలేదు. నడిపేది నేను నేర్పిన పిల్ల.